చెల్లె పెళ్లికి రీటెస్ట్ తేదీ

ఈ ఉదయం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పై అంతస్తు పెద్దమనిషి ఒక సందేశం పెట్టాడు. "యూరప్‌కు బుద్ధి వచ్చింది. ఆడవాళ్లను ఆడవాళ్లు, మగవాళ్లను మగవాళ్లు చేసుకునే పెళ్లిళ్లను దేశాలన్నీ రద్దు చేస్తున్నాయి." కింద వరుసగా నమస్కారాల బొమ్మలు. చౌటుప్పల్‌లో ఒక మందుల ఫ్యాక్టరీ నాణ్యతా పరీక్షల విభాగంలో ఉద్యోగ జీవితమంతా గడిపినదాన్ని. ఆధారం చూడనిదే ఏ మాటా నా గొంతు దిగదు. టీ చల్లారిపోయేదాకా కూర్చుని వెతికాను. హంగరీ ప్రభుత్వం ఇలాంటి జంటల హక్కుల ఊరేగింపును నిషేధించేందుకు చట్టం చేసిన మాట నిజం. దాన్ని లెక్కచేయకుండా రాజధాని వీధుల్లో జనం పోటెత్తిన మాటా నిజం. దేశాలన్నీ రద్దు చేస్తున్నాయన్నది మాత్రం అబద్ధం. అంతకు ముందటి ఏడే గ్రీసు ఆ పెళ్లికి కొత్తగా చట్టం చేసింది. ఇదే పెద్దమనిషి కొన్నేళ్ల కిందట "యూరప్ మొత్తం చెడిపోయింది" అని పంపాడు. అప్పుడూ ఇప్పుడూ ఆయనకు యూరప్ అంటే ఒకే ఊరు. నా కోపం ఆయన ఒక్కడి మీదే అయితే టీతోపాటు అదీ చల్లారేది. దాని వెనక ఒక మనిషి ఉంది.

ఆమెను నేను చెల్లె అని పిలిచేదాన్ని. నకిరేకల్ పక్క ఊరు, గొర్రెలు కాసే కుటుంబం, ఆ ఇంట్లో రసాయనశాస్త్రం చదివిన మొదటి మనిషి. మా ల్యాబులో చేరిన కొత్తలో గొంతెత్తి మాట్లాడటానికే జంకేది గానీ, ఆమె చేసిన పరీక్షను రెండోసారి చేయించాల్సిన అవసరం నాకు ఎప్పుడూ రాలేదు. మా పనిలో ఒక పద్ధతి ఉంది. గోదాములోకి వచ్చిన ముడిసరుకు డ్రమ్ముకు మొదట పసుపు చీటీ. పరీక్షలో నెగ్గితే ఆకుపచ్చ చీటీ, దాని మీద రీటెస్ట్ తేదీ. ఆ తేదీ వచ్చిందంటే ఎంత మంచి సరుకైనా మళ్లీ పరీక్షకు నిలబడాలి. చెల్లె ఆ చీటీలు అతికిస్తూ డ్రమ్ములతో మాట్లాడేది. "నీ ఫికర్ తీరిందే పో, మళ్ల రెండేండ్లకు కలుద్దాం."

ఆమె కిరాయి గదిలో అచ్చంపేట వైపు నుంచి వచ్చిన ఒక నర్సమ్మ కూడా ఉండేది. క్రైస్తవ కుటుంబం, ఆదివారం ప్రార్థనకు వెళ్లొచ్చి, చెల్లె వండిన తలకాయ కూర తినేది. ఇంటి ఓనరమ్మకు ఈ ఇద్దరంటే ఎంత మురిపెమో చెప్పలేను. "మొగపోరలు వచ్చుడు లేదు, లొల్లి లేదు. గిసుంటి పిల్లలు యాడ దొరుకుతరు మేడమ్?" అని నా దగ్గరే పొగిడింది. వాళ్లిద్దరూ భార్యాభర్తల్లా బతుకుతున్నారని నాకు ఎవరూ చెప్పలేదు. ఉప్పు ఎక్కువైందని ఒకరు అలిగితే, అన్నం మానేసి రెండోవారు బతిమాలుతున్న తీరు చూసి నాకే అర్థమైంది. ఇలాంటి ప్రేమ నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పిన రోజు చెల్లె ల్యాబంతా మిఠాయి పంచింది. ఎందుకని అడిగిన వారందరికీ, ఇంటి దగ్గర గొర్రె జంటపిల్లల్ని ఈనిందని చెప్పింది. నా చేతిలో మాత్రం రెండు ముక్కలు పెట్టి నవ్వింది.

తర్వాత కొన్నాళ్లకు ఆమె అన్న ఒక సంబంధం పట్టుకుని వచ్చాడు. అప్పటికి చెల్లె ఇంట్లో నిజం చెప్పేసింది. ఫ్యాక్టరీ గేటు ముందు టీ కొట్టు దగ్గర నిలబడి అతను నన్ను న్యాయం అడిగాడు.

"ఇవన్నీ యూరపోళ్ల రోగాలు మేడమ్. మా గొర్రెల మందల గిట్ల ఉంటదా?"

నేను నోరు తెరిచేలోపే చెల్లె అందుకుంది. "ఎందుకుండదన్నా? మన నల్ల పొట్టేలును మరిసినవా? గొర్రెల దిక్కు సూడకుంటె, పొట్టేళ్లెంబడే తిరుగుతాందని బాపు సంతల అమ్మలే?"

"గొడ్డుకు మనిషికి పోలికేందే?"

"మంద ముచ్చట తెచ్చింది నువ్వు గాదా? నన్ను గూడ సంతకు తోల్కపోతందుకే వచ్చినవ్."

టీ కొట్టాయన నవ్వు ఆపుకోలేక గ్లాసులు కడగడానికి వంగాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. "ఇసుంటి ప్రేమ నేరమన్న సెక్షను మనకు రాసిపెట్టి పోయింది ఇంగ్లండు దొరలు తమ్మీ. యూరప్ నుంచి మనకొచ్చింది రోగం గాదు, చట్టం" అన్నాను. అతను నా వంక చూడకుండా బండి స్టార్ట్ చేశాడు. ఆ తర్వాత ఆ ఇంటి నుంచి చెల్లెకు ఫోన్ రాలేదు.

పెళ్లి హక్కు తాము ఇవ్వలేమని మన కోర్టు తేల్చిన ఏడు, ఇద్దరూ దేశం విడవాలనుకున్నారు. నర్సమ్మకు జర్మనీలో ఉద్యోగం ఖాయమైంది. చెల్లెకు మా కంపెనీ ద్వారానే పోలండ్‌లోని ఒక ఫ్యాక్టరీ నుంచి పిలుపొచ్చింది. ఏకంగా ల్యాబు బాధ్యత. మా మేనేజరు భరోసా ఇచ్చాడు. "అంతా యూరపే గదమ్మా. మన గోలీ ఒక దేశంల పాసైతే పక్క దేశంల మళ్ల అడుగుతరా?"

అడగరు. ఆ మాట అక్షరాలా నిజం. యూరప్ ఇన్‌స్పెక్టర్లు మా ఫ్యాక్టరీకి వచ్చేవారు. ఒక దేశం వాళ్లు చూసి సరేనంటే మిగతావాళ్లు ఒప్పుకునేవారు. అందుకే చెల్లె నన్ను అడిగింది: "అక్కా, నువ్వు జర చెక్ చెయ్యి. గోలీ లెక్కనే మేం గూడ పోవచ్చునా?"

ముడిసరుకును పరీక్షించినంత శ్రద్ధగా పరీక్షించాను. నెదర్లాండ్స్ అందరికంటే ముందే ఈ పెళ్లిని ఒప్పుకుంది. జర్మనీ ఆలస్యంగానైనా ఒప్పుకుంది. ఇటలీ సహజీవనాన్ని నమోదు చేస్తుంది గానీ పెళ్లి అనదు. అక్కడ కొన్ని నగరాలు బిడ్డ జనన పత్రంలో తల్లులిద్దరి పేర్లూ రాశాయి, ప్రభుత్వం మారాక రాయొద్దన్నారు, ఆ తర్వాత కోర్టు కలగజేసుకుని రాయమంది. పోలండ్‌లో పెళ్లీ లేదు, నమోదూ లేదు. కొన్నేళ్ల కిందట అక్కడి స్థానిక మండళ్లు కొన్ని ఈ మనుషులకు వ్యతిరేకంగా తీర్మానాలు చేశాయి. యూరప్ నిధులు ఆగుతాయనేసరికి చాలావరకు వెనక్కు తీసుకున్నాయి. మనసు మారి కాదు, సొమ్ము ఆగుతుందని! జర్మనీలో చేసుకున్న పెళ్లితో పోలండ్ వెళితే, అక్కడ నర్సమ్మ ఈమెకు ఏమీ కాదు; కుటుంబ వీసాకు ఆ పెళ్లి పనికిరాదు. తలనొప్పి గోలీకి సరిహద్దు లేదు. దాన్ని పరీక్షించిన మనిషికి ఉంది.

వాళ్ల గదిలోనే ఈ సంగతి చెప్పాను. నర్సమ్మ గిన్నెలు సర్దుతూ, "నువ్వు పోలండ్ పో. సెలవు దొరికినప్పుడల్లా నేనే వస్త" అంది. చెల్లె ఆమె చేతిలోని గిన్నె అందుకుని పక్కన పెట్టింది. "చుట్టంలెక్క వస్తవా? గట్లయితే ఈడనే ఉందుం. ఓనరమ్మ మంచిగనే సూస్తది గద." ఆ మాటకు నర్సమ్మ ఏడ్చింది. కాసేపయ్యాక చెల్లె నా వైపు తిరిగింది. "జర్మనీది ఆకుపచ్చ చీటే గదా అక్కా. రీటెస్ట్ తేదీ ఏమేసిన్రు?"



చెల్లె పోలండ్ ఉద్యోగం వదులుకుంది. జర్మనీలో ఆమె చదువుకు తగ్గ కొలువు దొరకలేదు. అందిన దారి ఒక్కటే, వృద్ధుల ఆశ్రమంలో సేవికగా శిక్షణ. నా ల్యాబులో అంత నమ్మకమైన చేయి మరొకటి లేదు. ఆ చేయి ఇవాళ ఒక పరాయి ముసలాయనకు స్నానం చేయిస్తోంది. అది తక్కువ పని అని నేననను. కానీ ఆమె ఆ పనిని ఎంచుకోలేదు. తన విద్య కావాలన్న దేశానికి తన భార్య అక్కర్లేదు, అంతే. యూరప్ ఉమ్మడి కోర్టు ఈమధ్య, ఒక దేశంలో జరిగిన ఇలాంటి పెళ్లిని మిగతా దేశాలు గుర్తించాలంది. ఆ తీర్పు యూరప్ పౌరుల గురించి. మన పాస్‌పోర్టు ఉన్న చెల్లెకు ఎంతవరకు వర్తిస్తుందో ఎంత చదివినా తేల్చుకోలేకపోయాను.

పెళ్లి ఫోటో పంపారు. ఇద్దరూ పట్టుచీరలు కట్టి, చలికి పైన లావు కోట్లు తొడుక్కుని నవ్వుతున్నారు. మొన్న చెల్లె ఫోన్ చేసింది. అక్కడి ఎన్నికల్లో, తమ పెళ్లి చట్టాన్ని మొదటి నుంచీ వద్దన్న పార్టీ బలపడిందట. "ఏం కాదులే అక్కా" అంది. ఆ గొంతు నాకు తెలుసు. తేదీ దగ్గరపడిన డ్రమ్ము ముందు నిలబడినప్పటి గొంతు.

పై అంతస్తు పెద్దమనిషికి దేశం దేశానికీ ఆధారాలు పెట్టి జవాబు రాశాను. ఆయన నమస్కారం బొమ్మ పెట్టాడు. ఆయనకు పెళ్లయి యాభై ఏళ్లు కావస్తోంది. ఈ యాభై ఏళ్లలో ఎన్ని ప్రభుత్వాలు మారినా, రేపటికి తన భార్య తన భార్యగానే ఉంటుందా అని ఒక్క రాత్రి కూడా ఆలోచించాల్సిన పని ఆయనకు పడలేదు. చెల్లెకు ప్రతి ఎన్నికా ఒక రీటెస్ట్ తేదీయే. కాలం అందరికీ ఒకేలా గడుస్తుందన్న మాటను కూడా నేను ఇన్నాళ్లూ పరీక్షించకుండానే నమ్మాను.