గొడుగులత్త వీలునామా

బస్సు వంతెన దాటి మలుపు తిరిగేసరికి, కిటికీ పక్కన కునికిపాట్లు పడుతున్న దస్తావేజుల గుమాస్తా మోకాలికి ఏదో పొడుచుకుంది. ఉలిక్కిపడి చూస్తే పక్క సీట్లో గొడుగులత్త, ఒళ్ళో గొడుగుల మోపు.

"కాస్త సర్దుకో నాయనా. మేనల్లుడి ఇంటినుంచి నీ దగ్గరికే బయల్దేరా. దార్లోనే దొరికిపోయావు" అంది.

ఊరందరికీ ఆమె అత్తే. పెద్దాసుపత్రి గేటు ఎదురుగా సొంత గది. మొగుడు పోయాక ఆయన పీట మీదే కూర్చుని, విరిగిన గొడుగు ఊచలకు తీగ చుడుతూ, చిరిగిన గుడ్డకు మాసిక వేస్తూ బతుకు లాక్కొచ్చింది. చెప్పు తెగినవాడు ఇల్లు చేరేదాకా దాన్ని మర్చిపోడు. గొడుగు సంగతి అలా కాదు. ఎన్ని దేశాలు తిరిగి చూసినా ఇదే తంతు, బాగుచేయమని ఇచ్చిన పెద్దమనిషి మబ్బు విడగానే పత్తా ఉండడు. అలా వదిలేసినవన్నీ ఆమె గది గోడలకు గబ్బిలాల్లా వేలాడుతున్నాయి.

"నా తర్వాత గది ఆసుపత్రికి. రోగుల తాలూకు వాళ్ళు కూర్చోడానికి. రాసేశావా?"

"చిత్తు రాశానత్తా. సంచిలోనే ఉంది."

"మరి గొడుగులు?"

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "అవి కుదరవు. ఎవరివో వస్తువులు నువ్వెలా రాసిస్తావు?"

అత్త మొహం చిన్నబోయింది. మొగుడు ఆసుపత్రిలో మంచం మీద ఉన్న రోజుల్లో, చూడనిచ్చే వేళ కోసం ఆ గేటు బయటే తడిసి ముద్దయింది, గొడుగులవాడి పెళ్ళామై ఉండి నెత్తిన గొడుగు లేకుండా. ఆ సంగతి చెప్పి ఇప్పటికీ నవ్విస్తుంది గాని, తన నవ్వు మాత్రం సగంలోనే ఆగిపోతుంది.

"నేను కన్నుమూస్తే ఇవన్నీ పాత సామాన్లవాడికేనట. మేనల్లుడు ఇప్పుడే చెప్పేశాడు. వాడికి గొడుగంటే ఉత్త ఇనుము."

"సొంతదారులు ఇస్తే సరిపోతుంది. వాళ్ళనెక్కడ పట్టుకుంటాం?"

అత్త మోపులోంచి ఒకటి బయటికి లాగింది. నల్లగుడ్డ, చిలకముక్కు పిడి. గుమాస్తా నిటారుగా కూర్చున్నాడు.

"ఇది... నాది కదూ!"

"మీ మామగారు పెట్టిందన్నావు. సాయంత్రం వస్తానని వెళ్ళావు. అప్పుడు నీకు నెత్తినిండా జుట్టుండేది."

గుమాస్తా బట్టతల తడుముకున్నాడు. బస్సులో ఎవరో కొట్టేశారని ఇంట్లో చెప్పాడు. భార్య ఆ దొంగను తిట్టినప్పుడల్లా తనూ వంత పాడాడు.

"అమ్మో, ఇంటికొద్దు! మా ఆవిడ తోలు తీస్తుంది. ఆసుపత్రికే ఇచ్చెయ్యి తల్లీ."

"ఆనక నాదంటావేమో?"

"ఇచ్చేశానంటే ఇచ్చేశా!"

అత్త మొహం విప్పారింది. "చూశావా, ఒకడు పట్టుబడ్డాడు! ఈ ఊళ్ళో ఆసుపత్రి గడప తొక్కనివాడెవడు? అన్నీ గేటు దగ్గరే వేలాడదీస్తా. గుర్తుపట్టినవాడు పట్టుకుపోనీ, సిగ్గుపడ్డవాడు వదిలేయనీ. ఈలోగా తడిసేవాళ్ళు వాడుకుంటారు. దీనికి నేను చచ్చేదాకా ఆగడమెందుకయ్యా? గది సంగతి సాపు రాసి ఉంచు, వచ్చి సంతకం పెడతా."

అప్పటికే చినుకులు జోరందుకున్నాయి. ఆసుపత్రి దగ్గర బస్సాగింది. గేటు బయట ఒకమ్మాయి ఫ్లాస్కును కొంగుకింద దాచుకుని నిలబడి ఉంది. అత్త దిగి, చిలకముక్కు గొడుగు విప్పి ఆమె చేతిలో పెట్టింది.

"అత్తా, దాని పిడి వదులుగా ఉంటుంది, జాగ్రత్త!" గుమాస్తా కిటికీలోంచి అరిచాడు.

అత్త వెనక్కి తిరగలేదు. చంకలో అన్ని గొడుగులున్నా నెత్తిన ఒక్కటీ లేకుండా, వానలో చకచకా గేటు దాటి లోపలికి వెళ్ళిపోయింది.