గడప మీద దెబ్బ

నందిగామ నుంచి రోజూ బస్సులో వెళ్లి జగ్గయ్యపేటలో ప్లేస్కూల్ పిల్లల్ని చూసుకుంటాను. ఎవరైనా గడప తగిలి పడితే ఏడుపు ఆపడం నాకు చిటికెలో పని. గడప మీద రెండు దెబ్బలు వేసి, "మా బంగారాన్ని పడేస్తావా?" అని కసురుతాను. చిన్నప్పుడు మా అమ్మ నాకు చేసిందీ అదే. పిల్లలు కన్నీళ్లతోనే నవ్వేస్తారు.

మొన్నొక రోజు, పరిగెత్తుకొస్తున్న ఓ పిల్లాడు చూసుకోక నాలుగేళ్ల పాపని గుద్దేశాడు. కింద పడ్డ పాప లేచి, వాడి వీపు మీద రెండు దెబ్బలు వేసింది. నాకు ఒళ్లు మండింది.

"ఎందుకే కొట్టావు?"

"నన్ను పడేశాడు టీచర్," అంది, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. "మీరు వాణ్ణి కొడతారని చూశా. మీరు కొట్టలేదు."



మర్నాడు ఆ పాపే గడప తగిలి పడింది. అలవాటుగా నా చెయ్యి లేచింది, సగంలో ఆగింది.

"గడపకి రెండు తగిలించండి మేడం, ఊరుకుంటది," అంది ఆయా.

"గడపేం చేసింది?" అని విసుక్కుని, పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని మోకాలు నిమిరాను. ఏడుపు ఆగడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ పాప గడప వంకే చూస్తోంది, దానికింకా దెబ్బలు పడలేదని.