అక్క వైపు తిరిగిన సూది

డెబ్బైల చివర్లో హనుమకొండ యూనివర్సిటీలో మా ఫిజిక్స్ వాళ్లకూ కెమిస్ట్రీ వాళ్లకూ కలిపి ఒకే పరిశోధన అప్పగించారు. తోడికోడళ్లకు ఒకే పొయ్యి ఇచ్చినట్టు. ఇనుప లవణాల నుంచి కంటికి ఆనని నల్లటి రేణువులు చేయడం వాళ్ల పని, వాటి అయస్కాంత గుణం కొలవడం నా పని. రేణువు చాలినంత చిన్నదైతే, అయస్కాంతం దూరం కాగానే ఆ గుణాన్ని పూర్తిగా మర్చిపోతుంది. మర్చిపోయిందా లేదా చెప్పడానికి నా గదిలో, గాజుపెట్టె లోపల, పట్టుదారానికి వేలాడే సన్నటి సూది ఉండేది. బయట రోడ్డు మీద లారీ పోయినా అది కాస్త కదిలేది. సూది తిరిగితే రేణువులు ముతక. కదలకపోతే గెలిచినట్టు.

రేణువులు చేసే కెమిస్ట్రీ అక్క రోజూ వర్ధన్నపేట నుంచి బస్సులో వచ్చేది. అప్పటికే రెండుసార్లు కడుపు పోయింది. ఆ నల్లపొడి ముట్టుకోబట్టే అని అత్తగారి సాధింపు. ఎండాకాలంలోగా ఫలితం రాకుంటే చదువు మాన్పిస్తామని ఇంట్లో తేల్చి చెప్పారు. ఆమె పొడి సీసాను పెద్ద అయస్కాంతంలో ఉంచి తీసి, సూది దగ్గరికి తెచ్చిన ప్రతిసారీ సూది తిరిగేది. "మీ మిషనే ఖరాబైంది" అని ఆమె, "మీ పొడే ముతక" అని నేను. నాకు నోరెక్కువ.

ఒక మధ్యాహ్నం ఉత్త చేతులతో వచ్చింది. గాలి తగలకూడదని కిటికీలు మూసి, ఫ్యాను ఆపి ఉంచాను. వాచీలు, జడపిన్నులు ఎప్పటిలాగే గుమ్మం బయట పళ్లెంలో పెట్టాం. ఆమె పెట్టె మీదికి వంగింది. సూది మెల్లగా ఆమె వైపు తిరిగింది. పక్కకు జరిగితే అటే జరిగింది. వెనక్కి పోతే తన చోటికి వచ్చేసింది.

"సీసా తేలేదు కదనే చెల్లె!" అంది. ముఖంలో నెత్తురు లేదు. "అది నా లోపలికే పోయింది. మా అత్తమ్మ చెప్పిందే నిజం. ఇగ నేను రాను."

"జర ఆగక్కా!" అన్నాను. ఆమె ఎటు జరిగినా సూది ఆమె గుండెకే గురిపెడుతోంది. ఏదో తోచి, ఆమె పుస్తెలతాడు బయటికి లాగాను. తాడుకు పిన్నీసుల గుత్తి. రోజూ పెద్ద అయస్కాంతం ముందు వంగీ వంగీ అవన్నీ అయస్కాంతాలైపోయి, ఒకదాన్నొకటి జలగల్లా కరుచుకుని ఉన్నాయి. మెడ దిగని పుస్తెలను విప్పి పళ్లెంలో పెట్టాలని ఎవరికి తడుతుంది?

పిన్నీసులు తీసి బయట పెట్టి వచ్చింది. సూది కదలలేదు. పరుగున పోయి సీసా తెచ్చింది, అయస్కాంతంలో ఉంచి తీసింది, సూది పక్కన పెట్టింది. కదలలేదు. నేల మీద కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆమె చదువు నిలబడింది.

కానీ ఆ రోజు నుంచి ఆమెకో అలవాటు పట్టుకుంది. రాగానే, ఏ పనీ మొదలుపెట్టకముందే, ఉత్త చేతులతో సూది ఎదుట నిలబడేది. "ఏందక్కా నీ పిచ్చి!" అని కసిరేదాన్ని. వినేది కాదు.

మరుసటేడు ఏడో నెల కడుపుతో, ఇంట్లో చెప్పకుండా వచ్చింది. తాడుకు పిన్నీసు లేదని తీసి చూపించింది. గాజుపెట్టెకు కడుపు ఆనేంత దగ్గరగా నిలబడి కళ్లు మూసుకుంది.

"ఇప్పుడే తన్నింది చెల్లె" అని నవ్వింది. కళ్లు తెరవలేదు. "సూది కదిలిందా?"

సూది ఆమె వైపు వెంట్రుకంత తిరిగి ఆగింది. బయట ఏ లారీ చప్పుడూ నాకు వినబడలేదు.

"లేదక్కా" అన్నాను. "ఫికర్ చేయకు. ఇంటికి పో."