నేను కొట్టని చప్పట్లు

ఏక్‌బాల్‌పూర్ చర్చిలో, వలసొచ్చిన రేవుకూలీల పిల్లలమైన మాకు పాటలు నేర్పిన సిస్టరుదీ మా శ్రీకాకుళమే. పాడుతున్నంతసేపూ చీర అంచు కింద ఆవిడ పాదం తాళం వేస్తూ కుదురుగా ఉండేది కాదు. పాట ముగియగానే మాత్రం పెదవుల మీద వేలు పెట్టేవారు.

"చప్పట్లు కొట్టకండర్రా. పాట దేవుడిది."

తరవాత ఆవిడ కాన్వెంటు వదిలేసి పేరున్న గాయని అయ్యారు. మొన్న నది అవతల షాలిమార్‌లో ఆవిడ కచేరీ అంటే వెళ్లి ముందు వరసలో కూర్చున్నాను. జనం చప్పట్లతో హోరెత్తించారు. నా చేతులు మాత్రం ఒళ్లోంచి లేవలేదు.

కచేరీ అయ్యాక తెర వెనక్కి వెళ్తే నన్ను గుర్తుపట్టి, నవ్వకుండానే అడిగారు.

"నువ్వొక్కదానివే కొట్టనేదేటమ్మా? పాట బాగునేదా?"

"మీరే కదా సిస్టర్, వద్దన్నది!"

ఆవిడ వేలు పెదవులదాకా వెళ్లి ఆగింది.

"ఇప్పుడు కొట్టు" అన్నారు.

కొట్టాను. అప్పుడూ చీర అంచు కింద ఆ పాదం కుదురుగా లేదు.