ఎండ్రికాయ పట్టు

నిరుడు నాకు అక్షరాలు రావు. మనవరాలి దగ్గర నేర్చుకున్నాక అప్పటి సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

షోలాపూర్‌లో మా నీలం నగర్ దగ్గరికి చేపల ఎగ్జిబిషన్ వస్తే ఆడబిడ్డతో వెళ్లాను. మూతలేని తొట్టిలో, మంచులాంటి నీళ్లలో, లోతు సముద్రపు పీతలు, మా మాటలో ఎండ్రికాయలు, రెండు కలబడ్డాయి. పెద్దది చిన్నదాని కాలు విరిచేసి ఇంకో కాలు పట్టుకుంది. కార్ఖానాలో నూలు చుట్టే కండెల మిషన్ తిరుగుతుండగానే చెయ్యిపెట్టి నూలు చిక్కు తీసే అలవాటు నాది. వాటిని విడదీయాలని ఇక్కడా అలాగే పెట్టాను. పెద్దది నా చూపుడువేలును పట్టకారులా నలిపింది. నీళ్లు ఎర్రబడ్డాయి.

"గుంజకు వదినా, వేలు ఊడుతది!" అని ఆడబిడ్డ అరిచింది.

అక్కడి పనివాడు ఇనుపకడ్డీతో విడిపించాడు. గోరు పోయింది, వేలు మిగిలింది.

"ఎండ్రికాయల పంచాయితీ నీకెందుకు వదినా?" అంది ఆడబిడ్డ, ఏడుస్తూనే.

మరునాడు పొద్దున కట్టుతోనే పనికి వెళ్లాను. నూలు చిక్కుపడింది. మొదటిసారి మిషన్ ఆపి, తర్వాతే చెయ్యి పెట్టాను.