నీళ్లు పోసి ఎంచిన గాలి జర్కిను

ఇన్నేళ్లలో ఈ సంగతి నేను చెప్పబోని మనిషి లేడు, పూర్తిగా విన్న మనిషీ లేడు. పెళ్లిపందిట్లో మొదలుపెడితే వడ్డనకు పిలుస్తారు, బస్సులో మొదలుపెడితే పక్కవాడి ఊరు వచ్చేస్తుంది, ఇంట్లో నోరు తెరిస్తే మా ఆవిడ మిక్సీ వేస్తుంది. అందుకే రాస్తున్నాను. రాసినదాన్ని మధ్యలో ఆపి "సరేలేప్పా, మళ్లా మాట్లాడుకుందాం" అని లేచిపోవడం కొంచెం కష్టం. (పేజీ తిప్పేయవచ్చు, నిజమే. తిప్పేసినవాళ్లు ఎవరో నాకు తెలియకుండా ఉంటే మంచిది. తెలిస్తే గుర్తుంచుకుంటాను.)

మా కొండల మీద గాలిమరలు కొత్తగా లేస్తున్న కాలమది. మా అనంతపురం పల్లెల్లో వాన రావాలంటే బతిమాలుకోవాలి కానీ, గాలి మాత్రం పిలవకుండానే వచ్చి పెంకులు లేపుకుపోయేది. వాన కోసం ఊరంతా మొక్కిన మొక్కులు చిరునామా తప్పి గాలిదేవుడికి చేరుతున్నాయని మా నాయన అనుమానం. ఆ గాలితో కరెంటు తీస్తారంటే ఊళ్లో ఎవరూ నమ్మలేదు. నేను నమ్మాను, నమ్మినందుకు ఉద్యోగం వచ్చింది. పెద్ద ఇనుప గొట్టంలాంటి స్తంభం లోపల నిచ్చెన పట్టుకుని పైదాకా ఎక్కడం, అక్కడ రెక్కల వెనకుండే యంత్రపు గదిలో బోల్టులు బిగించి గ్రీజు పెట్టడం, దిగిరావడం, ఇదీ నా పని. మా ఊరి నుంచి అంత ఎత్తుకు ఎక్కినవాణ్ని నేనొక్కణ్నే. ఎవరింటికి వెళ్లినా అమ్మ ముందు ఆ మాట చెప్పి, తర్వాతే కూర్చునేది.

చిక్కంతా చెమటతో వచ్చింది. గొట్టం లోపల రొట్టెల భట్టీలా ఉంటుంది. పైకి చేరేసరికి చొక్కా పిండితే నీళ్లు కారేవి. పైన కప్పుమూత తెరవగానే గాలి వచ్చి ఆ తడి చొక్కా మీద పడేది. ఎండాకాలంలో అది హాయే. గాలికాలంలోనూ చలికాలంలోనూ మాత్రం దవడలు టకటకా కొట్టుకుని, పట్టుకున్న స్పానరు చేతిలో నాట్యం చేసేది. రెండు రోజులకోసారి జ్వరం. మా సూపర్‌వైజరు సారు (కోస్తా మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, జీపు దిగితే జుట్టు చెదురుతుందని లోపలి నుంచే పని చూసుకునేవాడు) ఒకరోజు అద్దం దించి చెప్పాడు: "చూడు బాబూ, ఇంకోసారి జ్వరమన్నావంటే నిన్ను గేటు దగ్గర కూర్చోబెడతాను. అక్కడ గాలీ ఉండదు, ఎత్తూ ఉండదు." నన్ను కొండ దించేస్తానని ఒక్క మాటలో తేల్చేశాడు. ఆ రాత్రి నేను అన్నం సరిగా తినలేదు.

కాబట్టి కంపెనీ పైకెక్కేవాళ్లకు జర్కిన్లు కొంటుందని, బెంగుళూరు నుంచి నమూనాలు వచ్చాయని తెలిసినప్పుడు నా కంటే సంతోషించినవాడు లేడు. వచ్చినవి రెండు. ఒకటి నారింజరంగుది, మందంగా, పరుపుకు చేతులు కుట్టినట్టు ఉంది. పైన మైనపుగుడ్డలాంటి నున్నటి పొర. రెండోది బూడిదరంగుది, పలచన. లోపల గొర్రెపిల్ల బొచ్చులా మెత్తగా, రొమ్మున గాలి దూరని బట్ట, చంకల కిందా వీపునా ఊపిరాడే అల్లిక. కదిలే మనిషికి వేడి నిలవాలి, ఎదురుగాలి ఆగాలి, చెమట మాత్రం దారి చూసుకుని బయటికి పోవాలి. నాకు కావలసింది అచ్చంగా అదే. చూడగానే తెలిసిపోయింది.

అయినా ఊరికే నమ్మే మనిషిని కాను. ఆ బూడిద జర్కిను అడిగి తీసుకుని, మెడదాకా జిప్పు లాగి, బత్తలపల్లె అన్న మోటారుసైకిలు వెనక ఎక్కాను. (ఈయన నాతోపాటు స్తంభాలెక్కే మనిషి. ఊరు బత్తలపల్లె, మాట పిడిబాకు.) గాలి తగలాలంటే బండి గట్టిగా పోవాలని నేను, పెట్రోలు ఎవరు పోస్తారని ఆయన, మొత్తానికి బత్తలపల్లె దాకా పోయాము. అది మండుటెండ కాలం. రోడ్డు మీద కుక్కలు కూడా నీడ వదిలి రావడం లేదు. సెంటర్లో బండి ఆపగానే సోడాల బండి పెద్దమ్మ నన్ను చూసి గుండెలు బాదుకుంది.

"ఏమప్పా, చలిజ్వరమా? ఇంత ఎండలో ఉన్ని గుడ్డలేసుకున్యావే!"

"జ్వరం కాదు పెద్దమ్మా, పరీక్ష చేస్తాండా."

"డాకటరు దగ్గర చేయించుకోపో నాయనా, బండి మీద చేస్తారా యాడన్నా?"

బత్తలపల్లె అన్న నవ్వు ఆపుకోలేక సోడా ముక్కులోంచి వదిలాడు. కానీ పరీక్ష నెగ్గింది. రొమ్ముకు గాలి తగల్లేదు, వీపు ఉడకలేదు. కొండకు తిరిగి వచ్చి ఆ మాటే చెప్పాను. ఒక్కరైనా విన్నారా? "నువ్వొక్కడివి చెబితే సరిపోదయ్యా, పద్ధతి ఉండాలి" అన్నాడు సారు. అందరినీ స్టోరు రేకులషెడ్డు దగ్గర కూర్చోబెట్టాడు.

పద్ధతి ఏమిటంటే, ఎయిర్‌కూలరు ముందు ఇద్దరిని నిలబెట్టి ఒక్కొక్కరికి ఒక్కో జర్కిను తొడిగి, ఎవరికి ముందు చలేస్తుందో చూడడం. నారింజ పరుపు బత్తలపల్లె అన్నకు తొడిగారు, పలచది నాకు. సారు చేతిగడియారం చూసుకుని "ఆన్" అన్నాడు. కూలరు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. కరెంటు పోయింది. (మా నెత్తిమీద కొండ పొడుగునా గాలిమరలే. తీసిన కరెంటంతా తీగల మీద ఏ పట్నానికి పోతుందో కానీ, వాటి కిందున్న షెడ్డుకు మాత్రం వారానికి నాలుగు పూటలే.) పోనీ కొండ అంచున నిలబడదామంటే, ఆ రోజు ఆకు కదలలేదు. రెక్కలన్నీ ఎండకు సొమ్మసిల్లినట్టు వేలాడుతున్నాయి. గాలి జర్కిను ఎంచడానికి గాలే లేదు. పరుపులోంచి బత్తలపల్లె అన్న గొంతు సన్నగా వినిపించింది: "సార్, నన్ను బయటికి తీయండి సార్, ఉడికిపోతాండా."

అప్పుడు లేచాడు మా మడకశిర మామ.

ఈయన అమ్మకు తమ్ముడు, మా స్టోరు కీపరు. మడకశిర వైపు గొర్రెల ఇంటివాడు. కంబళ్ల గురించి ఎవరైనా మాట్లాడితే అది తన ఆస్తి గురించి మాట్లాడినట్టే. "ఏం సార్, కంబళి కొనేటప్పుడు యాడన్నా ఫ్యాను పెట్టి చూస్తారా?" అన్నాడు. "నాలుగు మూలలు నలుగురు పట్టుకోవల్ల. నడిమిన బిందెడు నీళ్లు పోయల్ల. చుక్క కారకుంటే అది కంబళి. కారితే గోనెపట్ట. మా తాతల కాలం నుంచి ఇదే లెక్క."

"మామా, అది కంబళి. ఇది జర్కిను. మనకు కావల్సింది గాలికి" అన్నాను నేను.

"నీళ్లనే ఆపేదానికి గాలి ఒక లెక్కరా?"

"గాలి ఆగుతాది మామా. చెమట యాడికి పోవల్ల? చెమట బయటికి పోవల్ల, గాలి లోపలికి రాకూడదు."

మామ సారు వైపు తిరిగి, నా బుర్రకు తానే క్షమాపణ చెబుతున్నట్టు చేతులు చాచాడు. "ఇన్నారా సార్? ఒకటే వాకిలంట. ఒకరు పోవల్లంట, ఇంకొకరు రాకూడదంట. ఆ వాకిలికి కావలి ఎవుర్ని పెడదాం రా, నిన్నేనా?"

అందరూ నవ్వారు. సారు కూడా, జీపు అద్దం అడ్డం లేకుండానే. నలుగురు లేచి పరుపు జర్కిను మూలలు పట్టుకున్నారు. ట్యాంకరు నుంచి తెచ్చిన తాగేనీళ్ల బిందె ఎత్తాడు మామ. "తాగే నీళ్లప్పా! సాయంత్రం దాకా అవే!" అని బత్తలపల్లె అన్న అరుస్తూనే ఉన్నాడు. నీళ్లు పరుపు నడిమిన చెరువులా నిలిచాయి. చుక్క కారలేదు. అందరూ వంగి చూసి చప్పట్లు కొట్టారు. అంత నీరు ఒకచోట నిలవడం చూసి మావాళ్లకు చాలా కాలమైంది మరి. తర్వాత నా బూడిద జర్కినులో పోశారు. పోసిన నీళ్లు పోసినట్టే మా చెప్పుల మీదికి వచ్చాయి. "జల్లెడ!" అన్నాడు మామ. ఆ మాట జర్కినుకు అంటుకోలేదు, నాకు అంటుకుంది. ఆ రోజు నుంచి కొండ మీద నా పేరు జల్లెడప్ప. నేను గట్టిగానే అడిగాను: "సార్, మనూళ్లో వాన యాడుండాది సార్? గాలికి కొంటాండామా, నీళ్లకు కొంటాండామా?" సారు రుమాలుతో మెడ తుడుచుకుంటూ "ముందు నువ్వే వేసుకుని ఎక్కి చూడవయ్యా, గొడవ చేసినవాడివి నువ్వే కదా" అన్నాడు. అది జవాబా? మీరే చెప్పండి.

ఆషాఢం గాలి మొదలయ్యాక ఒక పొద్దున ఆ పరుపు తొడిగి నన్ను ఎక్కించారు. నా ఫోను కూడా దాని లోపలి జేబులోనే పెట్టుకోమన్నాడు మామ, తడవదని. సగం దాకా ఎక్కేసరికి నేను జర్కిను వేసుకున్నానా, జర్కిను నన్ను వండుతోందా తెలియలేదు. మామ చెప్పింది అక్షరాలా నిజం. చుక్క కారలేదు. నా చెమట మొత్తం నాతోనే ఉండి, చేతుల్లోకి దిగి, మోచేతుల దగ్గర బుడుగుబుడుగుమంటోంది. పైగదికి చేరి, నడుము బెల్టు విప్పి, ఎలాగో దాన్ని ఒలుచుకున్నాను. రవ్వంత ఆరుతుందని కప్పుమూత తెరిచి అంచున వేలాడదీశాను. అంతే. గాలి దాని కడుపులో దూరింది. పరుపు నిండుగా పొంగి, రెండు చేతులూ బార చాచి, నా కళ్ల ముందే మనిషిలా లేచి, కొండ దాటి వేరుశనగ చేల మీదికి వెళ్లిపోయింది.

కింద సారు, మామ, బత్తలపల్లె అన్న జీపు దగ్గర ఉన్నారు. మామ కేక పైదాకా వినిపించింది. "అయ్యో, మా అక్క కొడుకు పడినాడ్రో!" (కాళ్లు లేవన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. భయంతో ముడుచుకున్నాననుకున్నారట.) అందరూ చేల వైపు పరుగు. నేను మూతలోంచి నడుము దాకా బయటికి వచ్చి అరిచాను: "నేను ఈడుండా! మామా, ఈడుండా!" గాలి నా మాటను నోటి దగ్గరే అందుకుని కొండ అవతలికి తీసుకుపోయింది. అవతల మేస్తున్న గొర్రెలు మాత్రం తలెత్తి చూశాయి. ఇంతలో బత్తలపల్లె అన్న నా నంబరుకు ఫోను చేశాడు. అది చేలో పడిన పరుపు కడుపులోంచి మోగింది. ఇంకేముంది, మామ నేల మీద కూలబడ్డాడు.

నిచ్చెన దిగి నేను చేను చేరేసరికి, కలుపు తీస్తున్న ఆడవాళ్లతో సహా ఊరంతా గుండ్రంగా మూగింది. దగ్గరికి పోయే ధైర్యం ఎవరికీ లేదు. వెనక నిలబడి, ముందున్న పెద్దమనిషిని అడిగాను.

"ఏమైందన్నా?"

"జల్లెడప్పంట, పాపం. పైనుంచి పడినాడు" అన్నాడు ఆయన తల తిప్పకుండానే.

"మంచోడేనా?"

"మంచోడే గానీ, ప్రతిదానికీ ఏంటికి, ఎట్ల అని అడుగుతానే ఉంటాడంట. ఈ పొద్దు దేవుణ్ని అడుగుతాంటాడులే."

నేను దగ్గాను. ఆయన తిరిగాడు. ఆ తర్వాత అక్కడ జరిగిన తొక్కిసలాటలో వేరుశనగ రెండు సాళ్లు పోయాయి. మామ లేచి వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చాడు, వెంటనే చెంప మీద ఒకటి కొట్టాడు, మళ్లీ ఏడ్చాడు. జీపులో చుట్టు తిరిగి అప్పుడే చేరిన సారు రొప్పుతూ వచ్చి నన్ను చూశాడు, పరుపును చూశాడు. ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట నాకు ఈ రోజుకీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది:

"జర్కిను చిరిగిందా?"

చిరగలేదు. మామ కళ్లు తుడుచుకుంటూనే దాన్ని పైకెత్తాడు. ఒక చేతి గొట్టంలో నా చెమట ఇంకా నిలిచే ఉంది. "చూస్తిరా సార్! అంత ఎత్తు నుంచి పడినా చుక్క కారలేదు!" చుట్టూ ఉన్నవాళ్లు మెచ్చుకోలుగా తలలూపారు. పరుపు గెలిచింది. పైకెక్కే అందరికీ అదే తెప్పించారు. నన్ను మాత్రం, కంపెనీ వస్తువును పైనుంచి పడేసినందుకు, మర్నాటి నుంచి గేటు దగ్గర కూర్చోబెట్టారు. అమ్మ ఎవరింటికి వెళ్లినా ఇక ముందే కూర్చుని, ఆ తర్వాత వేరే సంగతులు మాట్లాడేది.

ఇప్పుడు నాది ధర్మవరం రోడ్డులో చిన్న హార్డువేరు అంగడి. కొండ మీద పనిచేసే ఈ కాలం కుర్రాళ్లు నట్లకూ బోల్టులకూ వస్తుంటారు. మొన్న ఒకడు పలచటి జర్కిను వేసుకుని వచ్చాడు. రొమ్మున గాలి ఆపే బట్ట, వీపున ఊపిరాడే అల్లిక. ముట్టుకుని చూస్తానంటే వింతగా చూసి ఇచ్చాడు. అంగడి ముందు ఎదురుగాలిలో పట్టుకుని నిలబడ్డాను. ఎంత బాగుందో! దాన్ని తిరిగి ఇచ్చేస్తుంటే నాకే నవ్వొచ్చింది. ఆ కొండ మీద మూతలోంచి నడుము దాకా బయటికి వచ్చి, తడి చొక్కాతో వణుకుతూ, నేను బతికే ఉన్నానని గొర్రెలకు చెప్పుకుంటున్న ఆ బక్కపిల్లవాడు కళ్లముందు కదిలాడు. ఎంత గొంతు చించుకున్నాడో, పాపం.

గాలికా నీళ్లకా అన్నది పోనివ్వండి, గేటు సంగతీ పోనివ్వండి. నాకు ఒక్కటి చెప్పండి. సారూ, మీరు ఏ ఊళ్లో ఉన్నా సరే. బత్తలపల్లె అన్నా, నువ్వూ. మడకశిర మామా, అడిగిన ప్రతిసారీ "అన్నం తిను రా" అని మాట దాటేస్తావే, ముఖ్యంగా నువ్వు. పడినవాడి కోసం అంతమంది అంత దూరం పరుగెత్తారు కదా, ఒక్కరంటే ఒక్కరు, ఒక్కసారి, తలెత్తి పైకి ఎందుకు చూడలేదు? జవాబు చెప్పండి. అన్నం తినేశాను.