సార్ విన్నారో లేదో

మా జువాలజీ సార్ పోయారని మిర్యాలగూడ నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. "నాయిన ఇగ లేడక్కా" అంది. 

కోదాడ జూనియర్ కాలేజీలో మెదడు గురించి నాకు మొదట చెప్పింది ఆయనే. చాక్‌పీసు పట్టుకున్న చేత్తోనే తల గోక్కునేవారు. పీరియడ్ అయ్యేసరికి సగం జుట్టు తెల్లబడేది. జవాబు తెలియకపోతే "నాకు తెల్వది బిడ్డా, రేపు చెప్త" అనేవారు. మర్నాడు చెప్పేవారు కూడా.

ఒకసారి పురుగుల్ని చూపిస్తానని మమ్మల్ని నడిగూడెం వైపు పొలాల్లోకి తీసుకెళ్లారు. దూరదూరంగా ఉన్న రెండు బోరు మోటార్లు ఒక్కసారే మోగాయి. "రెండిటికీ ఏదో లింకుంది సార్" అన్నాను. ఆయన నవ్వారు.

"కరెంటొచ్చింది బిడ్డా, గంతే. కలిసి మోగితే ఒకదాంతోటి ఒకటి మాట్లాడుకున్నట్టా?"

ఇప్పుడు నా పని హైదరాబాదులో మెదడు స్కాన్లు చదవడం. ఏ భాగాల్లో సంకేతం కలిసి హెచ్చి కలిసి తగ్గుతోందో చూసి, వాటికి సంబంధం ఉందంటాం. నిజానికి స్కానులో కనబడేది నరాల కణాల పని కాదు. ఆ పని వెంట కాస్త ఆలస్యంగా వచ్చే నెత్తుటి మార్పు. ఊపిరి, గుండె చప్పుడు కూడా ఆ మార్పు తేగలవు.

పోయినేడాది సార్ మెదడులో రక్తనాళం చిట్లింది. కళ్లు తెరిచేవారు గానీ పలికేవారు కాదు. దవాఖానలో తీసిన స్కానులో, మెదడుకి రెండు వైపులా ఉన్న వినికిడి భాగాల గీతలు కలిసే కదులుతున్నాయి. సార్ భార్య, మేమంతా అమ్మ అనే ఆవిడ, నా చెయ్యి పట్టుకుంది.

"నా మాట ఇంటున్నడా?"

ఔనని చెప్పేద్దామనిపించింది. ఆయన నేర్పిన చదువే చెప్పనీయలేదు. "వింటున్నారని చెప్పలేనమ్మా. వినట్లేదని కూడా చెప్పలేను. అవి కలిసి కదలడానికి వేరే కారణం ఉండొచ్చు."

ఆమె నా చెయ్యి వదిలి మంచం వైపు తిరిగింది. "అయితే మాట్లాడుతనే ఉంట" అంది.

సార్‌ని సూర్యాపేటలో వాళ్లింటికి తీసుకెళ్లాక కూడా ఆపలేదు. కూరల ధరలు, పక్కింటి గొడవ, పట్టిన మబ్బు, అన్నీ చెప్పింది. నేను వెళ్లిన రోజు ఆయన కళ్లు ఆమె వైపు తిరిగాయి. కిటికీ వెలుతురు కూడా అటునుంచే వస్తోంది.

ఆ స్కాను ఇప్పటికీ తెరిచి చూస్తుంటాను. గీతలు రెండూ కలిసి లేస్తాయి, కలిసి పడతాయి. లోపల ఏం జరిగిందో ఆయన చెప్పలేదు, నాకు తెలియలేదు.

వాడపల్లి సంగమంలో అస్థికలు కలిపి అందరం గట్టు మీదికి వచ్చాం. అమ్మ మాత్రం మోకాలిలోతు నీళ్లలోనే నిలబడింది. "ఏందయ్యా, నీళ్లు సల్లగున్నయా?" అని అడిగి, తల కొంచెం పక్కకు వంచి, ఆగింది.